పాసవుట్ అంటే డిగ్రీ పూర్తవడమా, స్పృహ తప్పడమా? రెండూనా?

కొత్తగా_టెక్సాస్:
అందరికీ నమస్తే. ఆగస్టులో ఎమ్మెస్‌కి వచ్చా, ఇంకా రెండు నెలలు కూడా కాలేదు. చిన్న డౌటే కదా అనుకున్నా గానీ వెతికే కొద్దీ పెద్దదైపోయింది, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

మా డిపార్ట్‌మెంట్‌లో ఒక ప్రొఫెసర్ దగ్గర గ్రేడర్ పని కోసం, అంటే పేపర్లు దిద్దే పని కోసం, మెయిల్ పెట్టా. అందులో "ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2023" అని రాశా. మన దగ్గర అందరం అలాగే రాస్తాం, నా రెజ్యూమేలో కూడా అదే ఉంది. ఆవిడ పిలిచి మాట్లాడింది, పని కూడా ఇచ్చింది, లేచి వచ్చేస్తుంటే మాత్రం మెల్లగా "ఆ వాక్యం మార్చుకో, ఇక్కడ చదివినవాళ్ళు నువ్వు స్పృహ తప్పి పడిపోయావనుకుంటారు" అంది. సరే మారుద్దాంలే అనుకున్నా. తర్వాత వారం క్లాసులో ఒక పేపర్ల కట్ట నా చేతిలో పెట్టి "కెన్ యూ పాస్ దీజ్ అవుట్" అంది. నాకు వెంటనే తట్టలేదు, కట్ట పట్టుకుని అలాగే నిలబడ్డా, ముందు బెంచీలో అమ్మాయి లేచి తీసుకుని అందరికీ పంచేసింది.

ఒకే మాటకి చదువు పూర్తవడం, స్పృహ తప్పడం, పంచిపెట్టడం మూడూ ఎలా వచ్చాయి? వీటికి ఒకదానితో ఒకటి ఏమైనా సంబంధం ఉందా? మనం వాడేది తప్పయితే మరి మన కాలేజీల్లో, కంపెనీల్లో అందరూ ఎందుకు అలాగే రాస్తున్నారు?

అమీర్‌పేట_బ్యాచ్:
బ్రో ఇది తప్పంటే మన దగ్గర సగం జాబ్ నోటిఫికేషన్లు తప్పే. నేను పొద్దున లేస్తే చూసేదే అది, "2023, 2024 పాసవుట్స్ ఓన్లీ, నో యాక్టివ్ బ్యాక్‌లాగ్స్". మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లలో అడ్మిషన్ ఫారం నింపేటప్పుడు పేరు తర్వాత అడిగేది "ఇయర్ ఆఫ్ పాసవుట్". హాస్టల్లో కొత్తవాడు దిగితే "ఏ పాసవుట్ నీది" అని అడుగుతాం, అంటే ఏ బ్యాచ్ అని. నాకు ఆ మాట ఒక సంవత్సరం లెక్క. స్పృహ తప్పడం అనే అర్థం ఉందని నిజంగా ఇవాళే తెలిసింది.

తెనాలి_మాస్టారు:
బాబూ, నువ్వు రాసింది తప్పు కాదు, నీ ఊరు మారింది. ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకి ఇంగ్లీషు చెప్పి రిటైరయిన వాణ్ణి, ఈ మాట దగ్గర కాస్త ఆగి చెప్పాలనిపిస్తోంది.

ఫ్రేజల్ వెర్బ్, అంటే క్రియ పక్కన అవుట్, అప్ లాంటి చిన్న మాట చేరినది, వచ్చినప్పుడు మన పిల్లలు మొదటి మాటని పట్టుకుని వెనకున్న చిన్న మాటని వదిలేస్తారు. పాస్ అంటే పరీక్ష పాసవడం మనకి చిన్నప్పట్నుంచీ తెలుసు కాబట్టి పాసవుట్ అంటే ఇంకాస్త గట్టిగా పాసవడం అనుకుంటాం. అసలు బలమంతా ఆ అవుట్‌లో ఉంది. అవుట్ అంటే ఒకటి గడప దాటి బయటికి రావడం, గో అవుట్, వాక్ అవుట్ అన్నట్టు. శిక్షణ ముగించుకుని ఆ సంస్థ గేటు దాటి రావడం పాసవుట్ అయింది ఈ దారిలోనే. రెండోది ఆరిపోవడం. దీపం ఆరితే ది ల్యాంప్ వెంట్ అవుట్ అంటారు, మంట ఆర్పితే పుట్ అవుట్, వంశమో జాతో అంతరిస్తే డై అవుట్. మనిషిలో తెలివి అనే దీపం కాసేపు ఆరితే పాసవుట్. ఇంగ్లీషులో పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఇదే మాటని చనిపోవడం అనే అర్థంలో కూడా వాడారు, 1915 ప్రాంతానికొచ్చేసరికి అది పలచబడి స్పృహ తప్పడంగా స్థిరపడింది. మనం "ఆయన పోయారు" అన్నప్పుడు ఎక్కడికి అని అడగం కదా, అలాంటిదే. మూడోది చేతిలోంచి నలుగురి చేతుల్లోకి వెళ్ళడం, గివ్ అవుట్, హ్యాండ్ అవుట్, పాస్ అవుట్. ఇది అమెరికాలో ఎక్కువ, ఇంగ్లండులో గివ్ అవుట్, హ్యాండ్ అవుట్ అనే వాళ్ళే ఎక్కువ.

అంటే నీకు ఎదురైంది ఒక మాటకి మూడు అర్థాలు అనుకోకు, మూడు అవుట్‌లు అనుకో. అప్పుడు బ్లాకవుట్, నాకవుట్, సోల్డ్ అవుట్ అన్నీ ఏ అవుట్ కిందకి వస్తాయో నీకు నువ్వే చెప్పుకోగలవు.

కొత్తగా_టెక్సాస్:
మాస్టారూ, దీపం ఆరిపోవడం దగ్గర ఒక్కసారిగా అర్థమైపోయింది. ఒకటి అడగనా, మాట వినగానే మూడింట్లో ఏదో పట్టుకోవడం ఎలా? మాట్లాడేవాళ్ళు ఆగరు కదా.

తెనాలి_మాస్టారు:
వాక్యంలో కర్మ, అంటే దేన్ని అనే ప్రశ్నకి జవాబిచ్చే మాట, ఉందా లేదా చూడు బాబూ. స్పృహ తప్పడానికీ, శిక్షణ ముగించడానికీ కర్మ అక్కర్లేదు, హీ పాస్డ్ అవుట్ అంతే. పంచడానికి మాత్రం ఏం పంచాలో చెప్పి తీరాలి, పైగా దాన్ని మధ్యలో కూడా దూర్చొచ్చు. పాస్ అవుట్ ది పేపర్స్ అనొచ్చు, పాస్ ది పేపర్స్ అవుట్ అనొచ్చు, సర్వనామం అయితే మధ్యలోనే రావాలి, పాస్ దెమ్ అవుట్. మీ ప్రొఫెసరమ్మ పాస్‌కీ అవుట్‌కీ మధ్య "దీజ్" పెట్టింది, అక్కడే తెలిసిపోవాలి. ఇక మొదటి రెండింటికీ తేడా పక్కన వచ్చే మాటల్లోనే దొరుకుతుంది, ఎండ, నొప్పి, రక్తం, తాగుడు ఉంటే స్పృహ, అకాడెమీ, పరేడ్, బ్యాచ్ ఉంటే శిక్షణ.

ఇంకొకటి, ఉచ్చారణ. మనవాళ్ళు పాస్ డ్ అవుట్ అని మూడు ముక్కలుగా విరుస్తారు. ఆ చివర డ్ కాదు, ట్. అది పక్క మాటకి అతుక్కుని "పాస్టవుట్" అని వస్తుంది, అమెరికాలో "ప్యాస్టవుట్". నువ్వు విరిచి పలికితే వాళ్ళకి అర్థమవుతుంది, వాళ్ళు కలిపి పలికితే మాత్రం నీకు అందదు, అందుకే చెప్తున్నా.

మాజీ_హవల్దార్_విజయనగరం:
మాస్టారికి నమస్కారం. శిక్షణ అన్నారు కాబట్టి మాది మేం చెప్పుకోవాల. ఈ మాట మా ఇంటి మాట. ఇంజినీరింగు వోళ్ళు ఇప్పుడు వాడతన్నారు గానీ మిలిట్రీలో పాసింగ్ అవుట్ పరేడ్ అంటే పండగ. నేను సర్వీసులో కొన్నాళ్ళు డెహ్రాడూన్‌లో ఉన్నాను, అక్కడి మిలిటరీ అకాడెమీలో ఏడాదికి రెండుసార్లు, జూన్‌లోనా డిసెంబర్లోనా అవుద్ది. 1932లో 40 మంది కేడెట్లతో మొదలైందా అకాడెమీ, ఆ మొదటి బ్యాచ్‌లోనే మన ఫీల్డ్ మార్షల్ మానెక్‌షా ఉన్నారు. పరేడ్ చివర్లో పిల్లలందరూ స్లో మార్చ్‌లో చెట్‌వుడ్ బిల్డింగ్ మెట్ల మీదకి వచ్చి ఒక గీత దాటతారు, దాన్ని అంతిమ్ పగ్ అంటారు, ఆఖరి అడుగు అని. ఆ అడుగు ముందు కేడెట్టు, అడుగు దాటితే ఆఫీసరు. తరవాత అమ్మానాన్నలు వొచ్చి భుజం మీద స్టార్లు పెడతారు. అక్కడ ఏడవని తల్లిని నేను చూడలేదు.

అందుకే పాసవుట్ అంటే మార్కులు తెచ్చుకోడం కాదు, ఆ గడప దాటి బయటికి రావడం. మాస్టారు చెప్పిన మొదటి అవుట్ అదే. కామన్‌వెల్త్ దేశాల్లో చాలా చోట్ల మిలిట్రీకీ పోలీసుకీ ఇదే మాట, మనకి బ్రిటిష్ వోళ్ళ కాడనుంచి వొచ్చింది.

రెండో అవుట్ కూడా మా పరేడ్‌లో ఉంది, నమ్మండి. ఎండలో కదలకుండా గంటల కొద్దీ నిలబడితే గట్టి కుర్రోళ్ళు కూడా చెట్టు కూలినట్టు పడిపోతారు. అందుకే మా ఉస్తాదులు ముందే చెప్పేవోరు, మోకాళ్ళు బిగబెట్టకండి, బూటు లోపల కాలివేళ్ళు కదుపుతుండండి, పొద్దున ఏదైనా తిని నీళ్ళు తాగి రండి అని. పాసింగ్ అవుట్ పరేడ్‌లో పాసవుట్ అయితే ఎలాగరా అని రిహార్సల్‌లోనే అనేవోరు.

ఓరుగల్లు_బిడ్డ:
హవల్దార్ సాబ్ సల్యూట్. మా తమ్ముడు కానిస్టేబుల్ ట్రైనింగ్ అయినప్పుడు ఇంట్లో అందరం పరేడ్ చూడనీకి పోయినం, మా అమ్మ ఇప్పటికీ ఆ ఫొటో టీవీ మీద పెట్టుకున్నది, పేపర్ల గూడ పాసింగ్ అవుట్ పరేడ్ అనే రాసిండ్రు. ఇంకో ముచ్చట, మన హైదరాబాద్ చుట్టూతనే చూడుండ్రి, ఒక్కో కాడ ఒక్కో పేరు. శివరాంపల్లిల ఐపీఎస్ ఆఫీసర్ల అకాడెమీల దీక్షాంత్ పరేడ్ అంటరు, ఆ అకాడెమీ 1975ల మౌంట్ అబూ కెల్లి ఈడికి వచ్చింది. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడెమీల ఏమో కంబైన్డ్ గ్రాడ్యుయేషన్ పరేడ్ అంటరు. అంటే ఫౌజోళ్ళే గ్రాడ్యుయేషన్ అంటున్నరు, కాలేజోళ్ళు పాసవుట్ అంటున్నరు, మాటలు అటిటు మారినయ్.

నాకు ఒక్కటే అడగబుద్దయితుంది మాస్టారూ. కానిస్టేబుల్ ట్రైనింగ్ అయితే పాసవుట్ అనుడు కరెక్ట్, నాలుగేండ్లు ఇంజినీరింగ్ చదివితే తప్పెట్లయితది? కోట్ల మంది రోజూ వాడుతున్న మాట. మన ఇంగ్లీషు మనది, ఎవలో నవ్వుతరని మనం ఎందుకు మార్చుకోవాలె?

గచ్చిబౌలి_హెచ్ఆర్:
నేను పన్నెండేళ్ళుగా రిక్రూట్‌మెంట్‌లో ఉన్నా, రోజుకి కనీసం వంద రెజ్యూమేలు చూస్తా. ఓరుగల్లు అన్నతో సగం ఒప్పుకుంటా. ఇండియాలో ఇండియన్ కంపెనీకి పంపే రెజ్యూమేలో పాసవుట్ ఉంటే ఎవరూ తప్పు పట్టరు, మా ఫారాల్లోనే అలా ఉంటుంది. కానీ అదే రెజ్యూమే యూఎస్ క్లయింట్‌కి వెళ్తే చదివేవాడు ఒక్క సెకను ఆగుతాడు. ఆ సెకను మన పిల్లలకి మంచిది కాదు, ఎందుకంటే వాడు ఆగాల్సింది మన ప్రాజెక్ట్ దగ్గర. కాబట్టి బయటికి వెళ్ళే వాటిల్లో "గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2023" లేదా "కంప్లీటెడ్ బీటెక్ ఇన్ 2023" అని మారుస్తా. బ్యాచ్ చెప్పాలంటే "క్లాస్ ఆఫ్ 2023". ఇవన్నీ ఇండియాలోనూ అర్థమవుతాయి, అమెరికాలోనూ అర్థమవుతాయి, మరి అలాంటప్పుడు మొదటి నుంచీ అవే రాసుకుంటే ఒకే రెజ్యూమే సరిపోతుంది కదా.

ఇంకో జాగ్రత్త, గ్రాడ్యుయేట్ కూడా అన్ని చోట్లా ఒకేలా ఉండదు. అమెరికాలో మన ఇంటర్ లాంటి హైస్కూల్ పూర్తి చేసినా గ్రాడ్యుయేట్ అంటారు. యూకేలో ఆ మాట యూనివర్సిటీ డిగ్రీకే. మనకీ అంతే, పట్టభద్రుల ఎమ్మెల్సీ ఓటుకి ఇంటర్ వాళ్ళు అప్లై చెయ్యలేరు.

తెనాలి_మాస్టారు:
ఓరుగల్లు అబ్బాయి ప్రశ్న న్యాయమైనదే. తప్పు అనే మాట నేను వాడలేదు, వాడను కూడా. మిలిటరీ మాట కాలేజీలోకి రావడం భాషల్లో మామూలే. గ్రాడ్యుయేట్ సంగతి చూడు, పాత ఇంగ్లీషులో విద్యార్థి గ్రాడ్యుయేట్ అవ్వడు, కాలేజీ విద్యార్థిని గ్రాడ్యుయేట్ చేసేది, "హీ వాజ్ గ్రాడ్యుయేటెడ్" అని రాసేవారు. ఇవాళ అలా రాస్తే వాళ్ళకే కొత్తగా ఉంటుంది. వాళ్ళ మాట వాళ్ళు మార్చుకున్నట్టే మన మాట మనం మార్చుకున్నాం. కానీ మాట మనదైనా వినే చెవి అవతలివాడిది. వాడి చెవిలో ఏ అర్థం ముందు మోగుతుందో తెలుసుకుని మాట్లాడటం లొంగిపోవడం కాదు నాయనా.

పేకముక్క:
పేకాటలో బ్రిడ్జ్ ఆడేవాళ్ళు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? మాకు నాలుగో అర్థం ఉంది. బిడ్డింగ్‌లో, అంటే ఆట మొదలయ్యే ముందు ఎన్ని పట్లు గెలుస్తామో చెప్పే వంతులో, నలుగురూ వరసగా పాస్ అంటే ఆ డీల్ పాస్డ్ అవుట్. ఎవరికీ పాయింట్లు లేవు, ముక్కలు పక్కన పెట్టి తర్వాతి డీల్‌కి వెళ్ళిపోవడమే. మాస్టారు లెక్కలో ఇది ఆరిపోయే అవుట్ అనుకుంటా, వెలగకుండానే ఆరిపోయిన ఆట.

మాంచెస్టర్_నైట్‌డ్యూటీ:
ఐదోది నేను చేరుస్తా. యూకేలో షోకో మ్యాచ్‌కో వెళ్ళి మధ్యలో బయటికెళ్ళి మళ్ళీ లోపలికి రావాలంటే గేటు దగ్గర ఇచ్చే చీటీనీ, చేతి మీద ముద్రనీ పాసవుట్ అంటారు. నేను డాక్టర్‌ని, ఊరు గుంటూరు, ఇక్కడ ఎమర్జెన్సీలో పని. రోజూ పదిసార్లు ఈ మాట అంటాను, రెండో అర్థంలో.

హవల్దార్ గారు చెప్పింది వైద్యపరంగా అక్షరాలా నిజం. కదలకుండా నిలబడితే రక్తం కాళ్ళలో దిగిపోయి ఉండిపోతుంది, పిక్కల కండరాలు కదిలితేనే అది పైకి పంప్ అవుతుంది. ఎండకి రక్తనాళాలు ఇంకా వదులవుతాయి. మెదడుకి రక్తం తగ్గగానే దీపం ఆరుతుంది, మనిషి పడిపోతాడు, అడ్డంగా పడగానే రక్తం మళ్ళీ తలకి చేరి సాధారణంగా కొన్ని సెకన్లలోనే లేస్తాడు. అందుకే పడిపోయినవాళ్ళని లేపి కూర్చోబెట్టకూడదు, పడుకోబెట్టి కాళ్ళు కాస్త ఎత్తాలి. మనవాళ్ళు ముందు చేసేది లేపి నిలబెట్టడం, నోట్లో నీళ్ళు పొయ్యడం. దయచేసి రెండూ చెయ్యకండి.

సీమ_చినుకు:
డాక్టరక్కా, నువ్వు ఇక్కడ ఉండావని చూసి రాస్తాండా, నేను ఈ థ్రెడ్ రెండు రోజుల నుంచి చదువుతాండా గానీ రాయాల్నా వద్దా అని ఆలోచిస్తా ఉన్నా.

మేము న్యూజెర్సీలో ఉంటాం. నాన్న అనంతపురం నుంచి వచ్చి మూడు నెలలైంది. పోయిన నెల ఒకరోజు పొద్దున్నే బాత్రూంలో పెద్ద శబ్దం వినపడింది. నేను పోయేసరికి గోడకు ఆనుకోని కూర్చోనుండాడు, మాట్లాడతాండాడు, ఏం కాలేదు పాపా అంటాండాడు. ఎమర్జెన్సీకి తీసకపోయినాం. నర్సు మొదట అడిగిందే అది, "డిడ్ హీ పాస్ అవుట్". నాకు అర్థం తెలుసు అనుకున్నా. నాన్నను "కళ్ళు తిరిగినాయా నాన్నా" అని అడిగినా. "ఆ, తిరిగినాయి" అన్నాడు. నేను "నో, హీ ఫెల్ట్ డిజ్జీ" అని చెప్పినా. ఇంటర్‌ప్రెటర్ కావాల్నా అని అడిగితే నేనుండా కదా అని వద్దన్నా. బీపీ చూసి, రక్తం తీసి, ఈసీజీ తీసి, అన్నీ బాగుండాయని ఇంటికి పంపినారు.

ఇప్పుడు మాస్టారు దీపం ఆరిపోవడం అని రాసింది చదివినాక నాకు మనసులో కలుక్కుమంటాంది. ఆ యమ్మ అడిగింది తెలివి తప్పిందా అని. నేను అడిగింది కళ్ళు తిరిగినాయా అని. రెండూ ఒకటేనా అక్కా?

మాంచెస్టర్_నైట్‌డ్యూటీ:
ఒకటి కాదు చెల్లీ. నువ్వు చేసిన పొరపాటు కాదిది, మన మాటలోనే ఆ చిక్కు ఉంది, నా దగ్గరికొచ్చే తెలుగు కుటుంబాల్లో చాలామంది ఇలాగే చెప్తారు. ఓపిగ్గా చదువు.

"కళ్ళు తిరిగాయి" అని మనం మూడు వేరు వేరు వాటికి అంటాం. చుట్టూ గది తిరుగుతున్నట్టు అనిపించడం ఒకటి, అది చెవికి సంబంధించిందై ఉండొచ్చు. లేచి నిలబడగానే కళ్ళు బైర్లు కమ్మడం, అంతా చీకటైనట్టు అయి మళ్ళీ సర్దుకోవడం ఇంకొకటి. పూర్తిగా తెలివి తప్పిపోవడం మూడోది. పాసవుట్ అంటే ఆ మూడోది మాత్రమే. పెద్ద వయసు వాళ్ళలో తెలివి తప్పింది అంటే మేము గుండె లయ వైపు చూస్తాం, కాసేపు గుండె మరీ నెమ్మదించిందా, ఆగి ఆగి కొట్టుకుందా అని. ఒక్కసారి తీసిన ఈసీజీ ఆ పది సెకన్లే చూపిస్తుంది, పొద్దున్న ఏం జరిగిందో చెప్పదు. డిజ్జీ అంటే మాత్రం మా ఆలోచన వేరే దారిలో వెళ్ళిపోతుంది.

ఇంకో ప్రమాదమైన మాట మూర్ఛ. మన కథల్లో, సినిమాల్లో మూర్ఛపోయింది అంటే స్పృహ తప్పింది అనే. కానీ ఊళ్ళో "మూర్ఛ వచ్చింది" అంటే ఫిట్స్, ఎపిలెప్సీ. తెలుగు వచ్చిన పేషెంటు "మూర్ఛ" అన్నారని కొడుకు "సీజర్", అంటే ఫిట్స్, అని చెప్పడం నేను చూశా. రెండింటికీ మందులు వేరు, కారు నడపొచ్చా లేదా అనే రూల్స్ కూడా వేరు. అందుకే నేను తెలుగు పెద్దవాళ్ళని ఏ పేరుతోనూ అడగను. "పడక ముందు ఆఖరున గుర్తున్నదేంటి? కింద పడటం మీకు గుర్తుందా? లేచాక మొదట చూసిందేంటి?" అని అడుగుతా. మధ్యలో ఖాళీ ఉంటే అదే పాసవుట్.

నాన్నగారిని ఇవాళే అలా అడుగు. ఖాళీ ఉందంటే రేపటిదాకా ఆగకుండా డాక్టర్‌కి ఫోన్ చేసి ముందు చెప్పింది సరికాదని చెప్పు, ఆయన్ని ఒంటరిగా బాత్రూం గడియ వేసుకోనివ్వకు. ఇంకోసారి ఇంటర్‌ప్రెటర్ ఇస్తామంటే వద్దనొద్దు, అమెరికాలో ఆసుపత్రులు ఆ సౌకర్యానికి డబ్బు తీసుకోకూడదు, ఫోన్‌లో తెలుగువాళ్ళు దొరుకుతారు.

ఓరుగల్లు_బిడ్డ:
చెల్లే, ఫికర్ జేయకు, అడుగు ముందు. మా దిక్కు "సోయి తప్పింది" అంటరు, దాంట్ల ఏం డౌట్ ఉండదు, సోయి ఉన్నదా లేదా రెండే. మీ దిక్కు ఏమంటరో ఆ మాటతోని అడుగు.

తెనాలి_మాస్టారు:
మా వైపు "సొమ్మసిల్లి పడిపోయింది" అనే మాట ఉండేది, మా అమ్మ తరం వాళ్ళకి బాగా తెలుసు. ఎండలో పనిచేసి సొమ్మసిల్లారు అనేవారు. ఇప్పుడు అందరూ కళ్ళు తిరిగాయి అనే దాంట్లోనే అన్నీ కుక్కేస్తున్నారు. డాక్టరమ్మా, నేను వ్యాకరణం చెప్పాను, దాని వెనక ఇంత ఉందని నాకు తట్టలేదు.

రాజమండ్రి_కోడలు:
నేను పుట్టింది కేరళలో, పెళ్ళయ్యాక తెలుగు నేర్చుకున్నా, కాబట్టి ఇంగ్లీష్ ఫ్రేజల్ వెర్బ్స్ గురించి మీరందరూ అనుకుంటున్న ఇబ్బంది నేను తెలుగుతో పడ్డా. మీ "పడు" నన్ను మామూలుగా ఏడిపించలేదు. పడు అంటే కింద పడటం అని నేర్చుకున్నా. తర్వాత మా అత్తయ్య సంతలో జనం ఎగబడ్డారు అంది, లారీ బురదలో దిగబడింది అంది, వాడు అన్నిటికీ తెగబడ్డాడు అంది, పక్కింటివాళ్ళు కలబడ్డారు అంది. నిలబడు అంటే పడటం అసలు లేనే లేదు!

అన్నిటికంటే బయటపడు. ప్రమాదం నుంచి బయటపడ్డాడు అంటే తప్పించుకున్నాడు. మోసం బయటపడింది అంటే అందరికీ తెలిసిపోయింది. పొద్దున్నే బయటపడదాం అంటే బయల్దేరదాం. మంచిదీ బయటపడుతుంది, చెడ్డదీ బయటపడుతుంది. మాస్టారు చెప్పిన మూడు అవుట్‌లు చదువుతుంటే నాకు ఇదే గుర్తొచ్చింది. నేను వీటిని లిస్టు రాసి బట్టీ పట్టలేదు, పట్టినా రాలేదు. అత్తయ్య ఎవరిని చూసి, ఎక్కడ నిలబడి అన్నదో ఆ సీన్‌తో సహా గుర్తుపెట్టుకున్నా. టెక్సాస్ తమ్ముడూ, నీకు ఆ పేపర్ల కట్ట చేతిలో ఉన్న క్షణం ఉంది కదా, పాస్ దీజ్ అవుట్ ఇంక జన్మలో మర్చిపోవు.

అమీర్‌పేట_బ్యాచ్:
అక్కా బయటపడు గురించి ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. నేను నా రెజ్యూమేలో మార్చేశా, "కంప్లీటెడ్ బీటెక్, 2024" అని. కానీ జాబ్ సైట్లలో వెతికేటప్పుడు మాత్రం 2024 పాసవుట్ అనే కొడతా, అలా కొడితేనే నోటిఫికేషన్లు వస్తాయి.

గచ్చిబౌలి_హెచ్ఆర్:
కరెక్ట్‌గా పట్టుకున్నావ్. వెతకడానికి వాళ్ళ మాట, రాయడానికి అందరికీ అర్థమయ్యే మాట.

కొత్తగా_టెక్సాస్:
అందరికీ చాలా థాంక్స్. మెయిల్ సంతకం కింద కూడా అదే లైన్ ఉంది, ఇవాళ తీసేశా. నిన్న క్లాసులో మళ్ళీ క్విజ్ పేపర్లు ఉన్నాయి, ఆవిడ అడగకముందే నేనే "షల్ ఐ పాస్ దెమ్ అవుట్" అన్నా, దెమ్ మధ్యలో పెట్టి. ఇంత చిన్నదానికి ఎంత సంతోషం వేసిందో చెప్పలేను మాస్టారూ. సీమ అక్కా, నాన్నగారికి ఎలా ఉంది?

మాజీ_హవల్దార్_విజయనగరం:
అమ్మా, మేమూ ఎదురు చూస్తన్నాం. కబురు చెప్పు.

సీమ_చినుకు:
లేటయింది, ఏమనుకోవద్దండి. ఆ రోజే అడిగినా. డాక్టరక్క చెప్పినట్టు ఏ పేరూ పెట్టకుండా, "నాన్నా, ఆ రోజు పొద్దున నీకు ఆఖర్న గుర్తుండేది ఏంది" అన్నా. "బ్రష్షు మీద పేస్టు పెట్టుకుంటాంటి" అన్నాడు. "కింద పడేది గుర్తుందా" అంటే చాలాసేపు ఆలోచించి "లేదు పాపా, నీ గొంతు వినపడింది, చూస్తే నేల మీద ఉండా" అన్నాడు. బ్రష్షు సింకులో కాదు, తలుపు కాడ పడి ఉండె, అది నేనే తీసినా ఆ రోజు, అప్పుడు ఆలోచించలేదు.

డాక్టర్‌కు ఫోన్ చేసి మొత్తం చెప్పినా, ఈసారి తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ను అడిగినా. ఫోన్‌లో ఒక పెద్దాయన, నాన్నతో నేరుగా మాట్లాడినాడు, నాన్నకు కూడా మనసు తేలికైనట్టుంది. మొన్న గుండె దగ్గర చిన్న మానిటర్ అతికించినారు, రెండు వారాలు పెట్టుకోవాలంట, స్నానానికి కూడా తీయకూడదంట. రిజల్ట్ వచ్చినాక రాస్తా. ఇప్పుడు పొద్దున బ్రష్ చేసుకునేటప్పుడు తలుపు తెరిచే ఉంచుతాండాడు, నేను వంటింట్లో నుంచి పిలుస్తాంటా, ఆయన పలుకుతాంటాడు.